ఆగింది కాదు, ఆపాను

డిపో గేటు దాటి లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద 'నిదానమే ప్రధానం' అని మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. ఏడాదికోసారి దానికి కొత్త రంగు వేస్తారు. ఆ గోడలోనే ఒక కిటికీ, కిటికీ వెనక టైం గుమస్తా, గుమస్తా ముందు ఆలస్యాల రిజిస్టరు. ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లు నిలబడి సంజాయిషీ చెప్పుకునేది సరిగ్గా ఆ అక్షరాల కిందే. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో తెలియదు. గోడకు రంగు వెయ్యడం తేలిక, గోడ మీది మాట వినడమే కష్టం.

ఆ మాటను నిజంగా నమ్మిన మనిషి డిపో మొత్తానికి ఒక్కతే ఉండేది. అందుకే ఆమెకు నిదానమ్మ అని పేరు పడింది. పెట్టినవాళ్ళు వెటకారానికే పెట్టారు. ఆమె మాత్రం మంచి పేరే పెట్టారని మనసులో అనుకుని, పిలిస్తే పలికేది. ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్నా ఎవరికీ గీత పడనివ్వలేదు, తన బండికి సొట్ట పడనివ్వలేదు.

మనిషి పొట్టి. సీటు మీద వీపు వెనక ఒక నల్లటి దిండు పెట్టుకునేది. అది ఆమె భర్త కుట్టింది. ఆయనకు బజారు మలుపులో గొడుగులు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. పనికిరాని గొడుగుగుడ్డలు నాలుగు పొరలు వేసి, లోపల దూది కూరి, తడిసినా నానకుండా కుట్టాడు. వాన వస్తే మీకు పంట, నాకు తంటా అని ఆమె ఆయన్ని ఆట పట్టించేది.

బండి ఎక్కే ముందు ఆమె చేసే తతంగం చూసి కండక్టర్లు నవ్వుకునేవారు. చుట్టూ తిరిగి, ప్రతి చక్రం గాడిలోనూ వేలిగోరు గుచ్చి చూసేది. గోరు మునగకపోతే ఆ చక్రంతో బయలుదేరేది కాదు. దీపాల అద్దాలు, వెనకవి కూడా, కొంగు బిగించి గుడ్డతో తుడిచేది. ఆ తతంగం అయ్యేలోపు ఒక కునుకు తీసి రావచ్చని కండక్టరు, ఆమెను అక్కా అని పిలిచే మనిషి, అందరికీ చెప్పేవాడు. అక్కా అంటూనే ఆమె మీద జోకులు వేసేవాడు. కానీ ఆమె బండి తప్ప మరో బండి డ్యూటీ అడిగేవాడు కాదు.

వాన పడితే ఆమె లెక్కలు మారిపోయేవి. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టేది. ఎండాకాలం మూడు అనేలోపు తన బండి ఆ స్తంభం చేరకూడదు. వానలో ఆరు. మొదటి చినుకులను అసలు నమ్మేది కాదు. అన్నాళ్ళుగా రోడ్డు మీద పేరుకున్న దుమ్మూ నూనే అప్పుడే పైకి తేలి, సబ్బు రాసిన బండలా చేస్తాయని తెలుసు. అడుగు కనబడని నీళ్ళలో చక్రం పెట్టేది కాదు. పగలైనా దీపాలు వేసేది, వాటి వెలుగు కిందికి దించి ఉంచేది.

వీటన్నిటికీ పైన మూడో స్తంభం రూలు ఒకటుంది. వైపరు పూర్తి వేగంతో ఆడుతున్నా ఎదర మూడో స్తంభం కనబడకపోతే బండి నడపకూడదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె పెట్టుకుంది, ఆమె పాటించింది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది.

ఆమెకు ఒళ్ళు మండించేది ఒకటుంది. వాన పడగానే కొందరు మహానుభావులు నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసుకుని, టకటకా కొట్టించుకుంటూ దౌడు తీస్తారు. అది పెద్ద జాగ్రత్త అనుకుంటారు. ఆగిన బండికి పెట్టాల్సిన గుర్తును పరిగెత్తే బండికి పెడితే, వెనకవాడు దాన్ని చూసి ఏమనుకోవాలి? ఆగి ఉన్నాడనా, ఆగబోతున్నాడనా, కుడికి తిరుగుతాడనా, ఎడమకు తిరుగుతాడనా? అందరికంటే ఎక్కువగా అలా కొట్టించేవాడు ఆ డిపోలోనే ఉన్నాడు. కుర్ర డ్రైవరు. అతన్ని మెరుపు అని పిలిచేవాళ్ళు. ఎక్కడికి పంపినా పది నిమిషాలు ముందే చేరేవాడు. ఆలస్యాల రిజిస్టరులో అతని పేరు వెతికినా దొరకదని గుమస్తా మురిసిపోయేవాడు. నిదానమ్మ ఒకసారి ఆ ఇండికేటర్ల సంగతి చెబితే, నువ్వు లెక్కపెట్టుకో పిన్నీ, నేను వెళ్ళొస్తా అన్నాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, యాభై రెండు మందితో ఆమె పొడుగు రూటులో వెళుతోంది. నాలుగు గంటల ప్రయాణం అది, సగం దారి కాలవ గట్టు పక్కన. ఆ పొద్దున్నే షెడ్డులో ముసలి మెకానిక్కు ఆమె బండి వైపరు రబ్బరు అంచున చీలి ఉందని కనిపెట్టి, కొత్తది వేశాడు. వేసి ఊరుకోలేదు. ఆమెను సీట్లో కూర్చోబెట్టి, బయటినుంచి డబ్బాతో అద్దం మీద నీళ్ళు గుమ్మరించి, గీత మిగిలిందా అమ్మాయ్ అని మూడుసార్లు అడిగాడు. ఎప్పుడు చూసినా చేతిలో పానా ఉంటుంది కాబట్టి ఆయన్ని అందరూ పానా అనేవారు, ఆమె బాబాయ్ అనేది. గీత మిగల్లేదు.

కాలవ గట్టు మొదలయ్యేసరికి ఆకాశం దించింది. అది చినుకులతో మొదలై పెరిగిన వాన కాదు, ఒక్కసారి కుండపోత. ఆమె వేగం తగ్గించింది, దీపాలు వేసింది. ముందు లారీకి దూరంగా జరిగి, పైకి లెక్క మొదలుపెట్టింది. కండక్టరు పాత తువ్వాలు తీసుకుని లోపలి అద్దం మీద కమ్మిన ఆవిరి తుడుస్తూ నిలబడ్డాడు. మూడో స్తంభం మసకబారింది, పోయింది. కాసేపటికి రెండోదీ పోయింది.

అప్పుడు ఒక చోట రోడ్డు కాస్త పల్లంలో ఉంది. చక్రాలు నీటి మీదికి ఎక్కాయి. స్టీరింగ్ ఉన్నట్టుండి చేతిలో తేలికైపోయింది. ఇది తెలియనివాడికి హాయిగా ఉంటుంది, తెలిసినవాడికి గుండె జారుతుంది. చక్రానికీ రోడ్డుకీ పొత్తు తెగిపోయిందని దాని అర్థం. ఆమె బ్రేకు తొక్కలేదు, స్టీరింగ్ తిప్పలేదు. ఆక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుంది. రెండు క్షణాల తర్వాత స్టీరింగ్ మళ్ళీ బరువెక్కింది. వెనక కూర్చున్న యాభై రెండు మందిలో ఒక్కరికీ ఏమీ తెలియలేదు. ఒకాయన ఆ రెండు క్షణాల్లోనూ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూనే ఉన్నాడు.

ఆ దారిలో కాస్త ముందు మెరక మీద కట్టెల అడితి ఉందని ఆమెకు తెలుసు. గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నెమ్మదిగా అక్కడిదాకా వెళ్ళి, బండిని రోడ్డు మీంచి పూర్తిగా లోపలికి దించి, దుంగల వరస పక్కన నిలిపి, ఇంజను కట్టేసింది. అప్పుడు వేసింది నాలుగు ఇండికేటర్లూ.

లోపల గొణుగుడు మొదలైంది. తోలు సంచీ పట్టుకున్న ఒకాయన ముందుకొచ్చి, తనకు ఆఫీసులో పనుందని, సంతకం పెట్టే ఆయన ఐదింటికి లేచిపోతాడని చెప్పాడు. ఆమె వింది. మూడో స్తంభం కనబడగానే బయలుదేరతానని చెప్పింది. ఇంతలో వీళ్ళ తర్వాత అరగంటకు బయలుదేరిన మెరుపు బస్సు, నాలుగు ఇండికేటర్లూ కొట్టించుకుంటూ, హారను మోగించుకుంటూ, నీళ్ళు ఇంతెత్తున లేపుకుంటూ రోడ్డు మీద దూసుకుపోయింది. సంచీ ఆయన దాన్ని చూపించి, అతను మగాడు, పోయాడు అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆమె ఇలాంటివి చాలా వింది గనక, సీసా మూత తీసి ఇన్ని మంచినీళ్ళు తాగి ఊరుకుంది.

నలభై ఐదు నిమిషాలకు వాన తెరిపిచ్చింది. మూడో స్తంభం కనబడింది. బండి రోడ్డెక్కాక రెండు మూడు సార్లు మెల్లగా బ్రేకు అద్ది, తడి ఆరిందో లేదో చూసుకుని అప్పుడు సాగింది. ఊరు చేరేసరికి యాభై ఐదు నిమిషాలు ఆలస్యం. మెరుపు అప్పటికే టీ తాగేసి, గోడకానుకుని దువ్వుకుంటున్నాడు. దారిలో ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క బండి కూడా కాలవలో పడలేదు. మనం సంతోషించాల్సిన ఈ సంగతే నిదానమ్మ మెడకు చుట్టుకుంది.

రెండో రోజు పొద్దున ఆమె షెడ్డులోకి వెళ్ళేసరికి పానా నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. ముందు ఒక వైపరు ముక్కలు ముక్కలుగా విప్పి ఉంది, పక్కన మడిచిన కాగితం. ముసలాయన ముఖం చిన్నబోయి ఉంది. ఆమెను చూసి కోప్పడలేదు, నిష్ఠూరం ఆడలేదు.

"ఎక్కడ ఆగిందమ్మాయ్, వైపరు? రబ్బరు విప్పి చూశాను, మోటారు చూశాను, బాగానే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. కాగితం తీసి చదివింది. ఫలానా తేదీన ఫలానా బండి వైపరు పనిచేయక దారిలో నలభై ఐదు నిమిషాలు ఆగినందున, మరమ్మతు చేసిన మెకానిక్కు తన నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ముప్పై ఏళ్ళ పనిలో ఆయనకది మొదటి మెమో. రాత్రంతా ఇంట్లో కూడా అదే ఆలోచించాడట, మోటారు స్క్రూ బిగించానా లేదా అని. డబ్బాతో నీళ్ళు పోసి మూడుసార్లు అడిగిన మనిషి, తను చెయ్యని తప్పును వెతుక్కుంటూ నేల మీద కూర్చున్నాడు. ఆ దృశ్యం చూశాక ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి రిజిస్టరు చూపించమంది. గుమస్తా చెడ్డవాడు కాదు. నిజానికి ఉపకారమే చేశాననుకుంటున్నాడు. ఆ రిజిస్టరులో 'బండి ఆగిన కారణం' అని ఒక గడి ఉంది. దాని కింద రాయడానికి నాలుగే కారణాలు అచ్చు వేసి ఉన్నాయి: మరమ్మతు, ప్రమాదం, రోడ్డు మూత, ప్రయాణికుల అనారోగ్యం. వాన లేదు. ఏటా నాలుగు నెలలు వాన పడే చోట, ఆ రిజిస్టరు అచ్చు వేయించినవాడు ఏ గొడుగు కింద కూర్చున్నాడో గానీ, వానను మరిచిపోయాడు. ఆ రోజు కండక్టరు వచ్చి వాన సార్, ఏమీ కనబడలేదు అంటే, గుమస్తా కాస్త ఆలోచించి, కనబడకపోవడం అంటే వైపరే కదా అని 'వైపరు పనిచేయక బండి ఆగినది' అని రాసి టిక్కు పెట్టేశాడు. డ్రైవరు మీదికి రాకుండా ఉంటుందని.

"బండి ఆగలేదు గుమస్తా గారూ," అందామె. "నేను ఆపాను."

"రెండూ ఒకటేగా అమ్మా."

"ఒకటెలా అవుతాయి? ఆగిందంటే దానంతటది ఆగినట్టు. దాని బాగోగులు చూసినవాడిది తప్పు. ఆపానంటే నా చెయ్యి. నా చేతి పనికి ఆ పెద్దాయన్ని ఎందుకు నిలబెట్టారు?"

గుమస్తా తల గోక్కున్నాడు. ఆపాను అని రాసే గడి తన రిజిస్టరులో లేదన్నాడు. అక్కడ కర్త ఎప్పుడూ బండే, డ్రైవరు కాదు. కొట్టేసి రాయాలంటే మేనేజరు ఒప్పుకోవాలి. ఆయన లోపలే ఉన్నాడు. ఆమె తలుపు తట్టి లోపలికి వెళ్ళింది.

మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఎదురుగా ఉన్న కంప్యూటరులో ఆ రోజు బళ్ళ రాకపోకలు చూపించాడు. అదే దారిలో, అదే వానలో మెరుపు బస్సు టైముకు చేరింది. తోలు సంచీ ఆయన రాసిన ఫిర్యాదు కూడా చూపించాడు. మీరు ఆపకపోయినా ఏమీ జరిగి ఉండేది కాదు కదమ్మా అన్నాడు. జరగనిదానికి సాక్ష్యం ఎక్కడినుంచి తేవాలి? కాలవలో పడ్డ బస్సునైతే తాడు వేసి లాగి చూపించవచ్చు. పడని బస్సును ఏ తాడు వేసి లాగుతారు? చేతిలో స్టీరింగ్ తేలికైన ఆ రెండు క్షణాల సంగతి నిదానమ్మ చెప్పింది. కంప్యూటరులో అది లేదు.

ఆయన చాలా దయగా ఒక దారి చూపించాడు. మెకానిక్కు సంగతి తేలికే, మెమో వెనక్కి తీసుకుంటాం. మీరు మాత్రం వానకు భయపడి ఆపానని రాయండి. ఆడవాళ్ళకు సహజమే, చూసీ చూడనట్టు పోతాం. అలా కాక కావాలని ఆపానని రాస్తే, సొంత ఇష్టం మీద పది నిమిషాలకు మించి ఆపినట్టు లెక్క. రూటు తీసేసి మూడు నెలలు యార్డులో వెయ్యక తప్పదు. ఆ తర్వాత రూటు తిరిగి ఇస్తారో లేదో ఆయన చేతిలో లేదు.

"భయం వేసింది సార్," అందామె. "ఎదర రోడ్డు కనబడకపోతే వెయ్యాలి. వెయ్యనివాడి చేతికి స్టీరింగ్ ఇవ్వకూడదు. కానీ బండి ఆపింది భయం కాదు, నేను. అలాగే రాస్తాను."

రేపు పొద్దుటిదాకా ఆలోచించుకోమన్నాడాయన.

యార్డు అంటే ఏమిటో డిపోలో పనిచేసేవాళ్ళకే తెలుసు. నీళ్ళు కొట్టే చోటునుంచి బస్సును షెడ్డుకు, షెడ్డునుంచి గేటుకు తెచ్చి నిలపడం. పొద్దున్నుంచి సాయంత్రందాకా ముందుకు పాతికడుగులు, వెనక్కి పాతికడుగులు. రెండో గేరు పడని ఉద్యోగం. నిదానమ్మకు రోడ్డంటే ప్రాణం. ఏ మలుపులో ఏ గుంట ఉందో, ఏ స్టాపులో ఏ అవ్వ ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఆ రోడ్డు పోతే తనకు ఇల్లూ వాకిలీ పోయినట్టే. అలాగని భయంతో ఆపానని రాస్తే అది అబద్ధం. అబద్ధం రాస్తే రేపు వానలో బండి ఆపే ప్రతి డ్రైవరూ పిరికివాడే అవుతాడు, లేకపోతే ఏ మెకానిక్కో దొంగవుతాడు.

ఇంటికి వెళ్ళి కొట్లోనే కూర్చుని సంగతంతా చెప్పింది. భర్త గొడుగు ఊచకు తీగ చుడుతూ విన్నాడు. విని, ఒక్క మాటేగా, భయపడ్డానని రాసెయ్యి, ఎవరు చదువుతారు అన్నాడు. ఆ సాయంత్రం ఆయన మీద పడిన పిడుగు వానాకాలంలో ఎక్కడా పడి ఉండదు. ఇరవై రెండేళ్ళ నా చేతిని ఒక్క మాటకు అమ్ముకోమంటారా అని అడిగింది. మీరు బాగుచేసిన గొడుగు గాలికి తిరగబడిందని ఎవడో అబద్ధం రాస్తే ఊరుకుంటారా అని కూడా అడిగింది. ఆయన తీగ చుట్టడం ఆపేశాడు. తర్వాత ఆ గొడుగు తెరిచి చూసి, మూసి, పక్కన పెట్టాడు.

"తడవకుండా ఇల్లు చేరినవాడు ఎవడూ వెనక్కొచ్చి నా గొడుగు బాగుందని చెప్పలేదు. చిల్లుపడ్డవాడే వస్తాడు," అన్నాడు. "నీ ఇష్టం వచ్చిందే రాయి. దిండు మాత్రం యార్డుకు కూడా పట్టుకెళ్ళు, నడుం పట్టేస్తుంది."

మర్నాడు ఆమె గోడ మీది అక్షరాల కింద నిలబడి, గుమస్తా రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కనే తన చేత్తో రాసింది. 'బండి ఆగలేదు. వైపరు బాగుంది. మూడో స్తంభం కనబడనందున నేను ఆపాను.' కింద సంతకం పెట్టింది. పానా మెమో ఆ సాయంత్రమే రద్దయింది. ఆయన కాగితం చేత్తో పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చి, ఆమె నిలబెట్టిన బస్సు అద్దం గుడ్డతో తుడిచి వెళ్ళిపోయాడు.

నిదానమ్మ యార్డులోకి వెళ్ళింది. అక్కడ కూడా చక్రాల గాడిలో గోరు గుచ్చి చూడడం మానలేదు. పాతికడుగులు పోయే బండికి ఈ సంబరం ఏమిటని నవ్వారు. బయటికి పోయేది మీరే కదరా అంది. ఒక రోజు మెరుపు బండి వెనక చక్రం దగ్గర గోరు మునగలేదు. గేటు దగ్గరికి తేవాల్సిన బండిని తిరిగి షెడ్డుకు తోలింది. మెరుపు పరిగెత్తుకొచ్చి టైమైపోతోందని చిందులు తొక్కాడు. ఆమె దిగి, అతని చెయ్యి పట్టుకుని, ఆ వేలిగోరే గాడిలో పెట్టించింది. అతను చూసుకుని పక్కకు జరిగాడు. పానా కొత్త చక్రం బిగిస్తుండగా, మాటవరసకు అన్నట్టు, స్టీరింగ్ తేలికైతే ఏం చెయ్యాలి పిన్నీ అని అడిగాడు. కాలు తియ్యి, స్టీరింగ్ తిన్నగా పట్టు, ఇంకేమీ చెయ్యకు అని చెప్పింది.

ఆ తర్వాత మూడు వారాలకు మళ్ళీ ఆకాశానికి చిల్లుపడింది. మధ్యాహ్నం రెండింటినుంచి కురిసింది. యార్డులో చీలమండల లోతు నీళ్ళు. నాలుగింటికి రావాల్సిన బస్సులు ఐదైనా రాలేదు. నిదానమ్మ నీళ్ళు కొట్టే చోటున రేకుల కింద నిలబడి గేటు వంకే చూస్తోంది. రోజూ ఎగతాళి చేసినవాళ్ళే, అయినా రావాల్సిన ఒక్కో బండినీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.

ఐదుంపావుకు మొదటిది వచ్చింది. తర్వాత రెండోది, మూడోది. ఆఖరున మెరుపుది. నాలుగు ఇండికేటర్లూ కొట్టడం లేదు. దీపాలు కిందికి దించి, ముందు బండికి ఎంతో దూరంగా, మెల్లగా గేట్లోకి తిరిగింది. అతను దిగిన తీరులోనే తెలిసింది, దారిలో స్టీరింగ్ తేలికైందని. దిగగానే వంగి ముందు చక్రం గాడిలో గోరు గుచ్చి చూసుకున్నాడు. ఆమె వంక చూశాడు గానీ దగ్గరికి రాలేదు, తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

గుమస్తా పాత అలవాటు కొద్దీ, బండెందుకు ఆగిందయ్యా అని అడిగాడు.

"ఆగలేదు," అన్నాడు మెరుపు. "ఆపాను. రాసుకోండి."

అతనికంటే ముందు వచ్చిన ముగ్గురూ అదే మాట రాసి వెళ్ళారని గుమస్తా చెప్పాడు. అందరూ అదే కట్టెల అడితిలో, దుంగల పక్కన, వరసగా ఆపుకున్నారట. రిజిస్టరు మేనేజరు బల్ల మీదికి వెళ్ళింది. రూలు ప్రకారం నలుగురినీ యార్డులో వెయ్యాలి. యార్డులో అప్పటికే ఒకరున్నారు. ఐదుగురు కలిసి పాతికడుగులు ముందుకూ వెనక్కూ తోలుకుంటూ కూర్చుంటే, పొద్దుటి బస్సులు ఎవరు తీస్తారు? మర్యాదస్తుడైన మేనేజరుకు ఆ రాత్రి ఈ లెక్క తేలినట్టు లేదు.

వారం తిరిగాక ఆమెకు ఉత్తర్వు వచ్చింది. వాన అన్న మాట అందులో ఎక్కడా లేదు. మూడో స్తంభం లేదు, యాభై రెండు మంది లేరు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఫలానా డ్రైవరును తిరిగి పొడుగు రూటుకు పంపడమైనది, అని ఒక వాక్యం. ఆమె చేసిన పొరపాటును సుదీర్ఘ సేవను దృష్టిలో ఉంచుకుని ఈసారికి క్షమించడమైనది, అని ఇంకొకటి.

కండక్టరు ఎగిరి గంతేశాడు. పద అక్కా, సంతకం పెట్టేసి బండెక్కుదాం అన్నాడు. నిదానమ్మ కదల్లేదు. రెండో వాక్యం మళ్ళీ చదివింది. పొరపాటట. క్షమించారట. దొంగతనం చెయ్యనివాణ్ణి పట్టుకుని, పోనీలే ఈసారికి వదిలేస్తున్నాం అంటే వాడు దండం పెట్టి వెళ్ళాలా? రూటు వద్దని ఆ కాగితం వాళ్ళ ముఖాన కొడదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ రోడ్డు ఏం తప్పు చేసింది, దాని మీద అలగడానికి?

గుమస్తా కిటికీలోంచి పెన్ను అందించి, 'అందినది' అని రాసి సంతకం పెట్టమ్మా, అంతే అన్నాడు. ఆమె పెన్ను అందుకుంది. తలెత్తి గోడ మీది పెద్ద అక్షరాలు ఒకసారి చూసింది. ఆ ఏడాది రంగు ఇంకా వెయ్యలేదు, 'ప్రధానం' దగ్గర పెచ్చులు ఊడుతున్నాయి. తర్వాత కాగితం కింద, తొందర లేకుండా, గుండ్రటి అక్షరాలతో రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టి ఇచ్చేసింది. దిండు చంకన పెట్టుకుని, చక్రాలు చూసుకోవడానికి బండి వైపు నడిచింది.

గుమస్తా కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

'రూటు అందినది. క్షమాపణ ఇంకా అందలేదు.'